మీది ‘బల్కీ’, అమ్మగారిది ‘అట్రోఫిక్’: రెండూ జబ్బుల పేర్లు కావు

మధ్యలో వచ్చి చదివేవాళ్ల కోసం ముందు మీ ప్రశ్న క్లుప్తంగా చెబుతాను. మీకు 46 ఏళ్లు, ఇద్దరు పిల్లలు, రెండూ మామూలు కాన్పులే. కడుపు ఉబ్బరంగా ఉందని స్కాన్ చేయించుకుంటే గర్భసంచి 9.6 × 5.4 × 4.8 సెంటీమీటర్లు ఉందని, ‘బల్కీ యుటెరస్’ అని రిపోర్టులో రాశారు. గడ్డలేమీ లేవన్నారు. నెలసరి సక్రమంగానే వస్తోంది, రక్తస్రావం కూడా ఎప్పటిలాగే ఉంది. అదే నెలలో 68 ఏళ్ల మీ అమ్మగారికి మూత్రంలో మంట అని స్కాన్ చేయిస్తే ఆవిడది 5.2 × 2.9 × 2.0 సెంటీమీటర్లు, ‘అట్రోఫిక్ యుటెరస్’ అని వచ్చింది. మీది వాచిందా, అమ్మగారిది ఎండిపోయిందా, మీది తీయించేసుకోవాలా అన్నది మీ టెన్షన్. 12 ఏళ్ల పాపకి ఇంకా నెలసరి మొదలు కాలేదు, ఎందుకైనా మంచిదని తనకీ స్కాన్ చేయించాలా అని చివర్లో అడిగారు.

ఇరవై ఏళ్లకు పైగా అల్ట్రాసౌండ్ స్కాన్లు చేసి ఇలాంటి రిపోర్టులు రాస్తున్నవాణ్ని. మీరు రాసిన వివరాలే అన్నీ అయితే, ఆ అంకెలను బట్టి మీ ఇద్దరిలో ఎవరికీ జబ్బు కనిపించడం లేదు. మీ వయసులో ఇద్దరు పిల్లల తల్లికి ఉండాల్సినట్టే మీది ఉంది. ముట్లుడిగి చాలా ఏళ్లయిన మనిషికి ఉండాల్సినట్టే అమ్మగారిది ఉంది. పాపకి స్కాన్ అక్కర్లేదు.

ఇక ఎందుకో చెబుతాను. గర్భసంచి వయసుతో పాటు మారుతుందని అందరం అంటాం కానీ, నిజానికి దానికి పుట్టినరోజులతో పని లేదు. అది చూసేది అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజన్ అనే హార్మోన్‌ని. ఒంట్లో ఈస్ట్రోజన్ ఉంటే పెరుగుతుంది, లేకపోతే ముడుచుకుంటుంది. దీనికి తోడు కాన్పులు తమ గుర్తు కొంత వదిలిపోతాయి. ఈ రెండు విషయాలు పట్టుకుంటే పసిబిడ్డ నుంచి ముసలమ్మ దాకా ఏ రిపోర్టు చూసినా లెక్క అందుతుంది.

అసలు ఆ మూడు అంకెలు ఏమిటో ముందు చూద్దాం. మొదటిది పొడవు, అంటే గర్భసంచి పైకప్పు నుంచి కింద ముఖద్వారం చివరి దాకా. చాలామంది అది సంచి ఒక్కదాని కొలత అనుకుంటారు. కాదు, ఆ ముఖద్వారం, అంటే సర్విక్స్ కూడా అందులోనే ఉంటుంది. మిగతా రెండూ వెడల్పు, మందం. ఏది ముందు రాస్తారన్నది రాసేవాళ్ల అలవాటు. పొట్ట మీద నుంచి చేసే స్కాన్‌కీ, యోని లోపలి నుంచి చేసే టీవీఎస్‌కీ కొలత కొద్దిగా తేడా వస్తుంది. మూత్రాశయం బాగా నిండి ఉంటే అది గర్భసంచిని నొక్కి సాగదీసినట్టు చూపిస్తుంది. కొందరికి గర్భసంచి వెనక్కి వంగి ఉంటుంది. అలాంటప్పుడు వంపు వెంట కొలిచానా, అడ్డంగా గీత గీశానా అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది.

ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒకావిడకి మూడు నెలల తేడాతో రెండు స్కాన్లు నేనే చేశాను. రెండోసారి 8 మిల్లీమీటర్లు ఎక్కువ వచ్చింది. ఆ అంకె అలాగే రాసి పంపేశాను. ‘మూడు నెలల్లో ఇంత పెరిగిందా’ అని ఆవిడ వారం రోజులు నిద్రపోలేదట. ఇంకో సీనియర్ కొలిచి చూస్తే పెరిగిందేమీ లేదు, నా గీత వంకర. అప్పటినుంచి ఒక సెంటీమీటరు లోపు తేడాని పెరుగుదల అని అనడం మానేశాను. మీరు కూడా పాత రిపోర్టు, కొత్త రిపోర్టు పక్కపక్కన పెట్టి మిల్లీమీటర్లు లెక్కపెట్టకండి.

పొడవు ఒక్కటే చూడటం వల్ల ఇంకో పొరపాటు జరుగుతుంది. మూడు కొలతల్నీ గుణించి, వచ్చినదాన్ని 0.52తో గుణిస్తే దాదాపు ఘనపరిమాణం వస్తుంది. కోడిగుడ్డు ఆకారపు వస్తువులన్నిటికీ మేం వాడే లెక్క ఇదే. మీది సుమారు 129 మిల్లీలీటర్లు వస్తుంది, అమ్మగారిది 16. పొడవులో చూస్తే అమ్మగారిది మీదాంట్లో సగానికి పైనే ఉంది. ఘనపరిమాణంలో చూస్తే ఎనిమిదో వంతే. ముట్లుడిగాక గర్భసంచి పొడవుకన్నా మందంలోనే ఎక్కువ తగ్గుతుంది. అందుకే ‘5 సెంటీమీటర్లకు తగ్గింది’ అన్నప్పుడు చిన్న మార్పులా వినిపిస్తుంది కానీ, కండ చాలావరకు కరిగిపోయిందని అర్థం.

ఇప్పుడు మొదటి నుంచి వద్దాం. పుట్టిన ఆడబిడ్డ గర్భసంచి ఆ తర్వాత రెండేళ్ల వయసులో ఉండేదానికన్నా పెద్దది! తల్లి ఒంట్లో ఉన్న ఈస్ట్రోజన్ తొమ్మిది నెలలూ మాయ ద్వారా బిడ్డకి అందుతుంది కాబట్టి, పుట్టేనాటికి అది సుమారు మూడున్నర సెంటీమీటర్లు ఉంటుంది. స్కాన్‌లో లోపలి పొర కూడా సన్నని గీతలా కనబడుతుంది. బొడ్డు కోసిన క్షణం నుంచి ఆ సరఫరా ఆగిపోతుంది. అందుకే కొందరు పసికందులకు మొదటి వారం పది రోజుల్లో యోని నుంచి తెల్లటి జిగురు, ఒక్కోసారి రెండు మూడు చుక్కల రక్తం కూడా కనిపిస్తుంది. డైపర్ మీద ఎర్రమరక చూసి పరుగెత్తుకొచ్చే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒకటే: ఇది హార్మోన్ ఆగినందువల్ల వచ్చింది, దానంతట అదే పోతుంది. రక్తం ఎక్కువగా ఉన్నా, ఆ పది రోజులు దాటాక కనిపించినా పిల్లల డాక్టరుకి చూపించాలి. ఆ తర్వాత కొన్ని నెలల్లో గర్భసంచి ముడుచుకుపోతుంది.

చిన్నతనం అంతా అది నిద్రలో ఉంటుంది. పొడవు రెండున్నర నుంచి మూడున్నర సెంటీమీటర్లు, మందం ఒక సెంటీమీటరు లోపే. ఆకారం గొట్టంలా ఉంటుంది. ఈ వయసులో కింద ఉండే సర్విక్స్ పై సంచితో సమానంగానో, అంతకన్నా పెద్దగానో ఉంటుంది. ఈ నిష్పత్తిని గుర్తు పెట్టుకోండి, అమ్మగారి దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ ఇదే కనిపిస్తుంది.

ఎనిమిదేళ్ల ప్రాంతం నుంచి అండాశయాలు మెల్లగా మేలుకుంటాయి. ఈస్ట్రోజన్ అందేకొద్దీ సర్విక్స్ కన్నా పై సంచి వేగంగా పెరుగుతుంది. గొట్టం కాస్తా తిరగేసిన బేరిపండు ఆకారానికి వస్తుంది. ఇదంతా మొదటి నెలసరికి ముందే మొదలై, ఆ తర్వాత కూడా కొన్నేళ్లు సాగుతుంది. అందుకే 13, 14 ఏళ్ల పిల్లల రిపోర్టులో గర్భసంచి 5.5 సెంటీమీటర్లు అని ఉంటే, పెద్దవాళ్ల కొలతతో పోల్చి ‘చిన్నది’ అనడం తప్పు. అది ఇంకా ఎదుగుతోంది.

మీ పాప సంగతి కూడా ఇక్కడే చెబుతాను. రొమ్ములు మొదలైన దగ్గర్నుంచి సుమారు రెండు, రెండున్నర ఏళ్లకు మొదటి నెలసరి వస్తుంది. 12 ఏళ్లకి రాలేదంటే ఆలస్యం కాదు. 13 ఏళ్లు నిండినా రొమ్ములు మొదలు కాకపోయినా, 15 ఏళ్లు నిండినా నెలసరి రాకపోయినా అప్పుడు డాక్టరుకి చూపించాలి. నెలనెలా కడుపులో విపరీతమైన నొప్పి వస్తూ రక్తం మాత్రం కనబడకపోతే 15 దాకా ఆగకండి, బయటికి వచ్చే దారి మూసుకుని ఉండొచ్చు. అటువైపు, ఎనిమిదేళ్లు నిండకుండానే రొమ్ములు పెరుగుతుంటే కూడా చూపించాలి. అక్కడ గర్భసంచి సైజు మాకు నిజంగా ఉపయోగపడుతుంది: వయసుకి మించి పెరిగి ఉంటే ఒంట్లో ఈస్ట్రోజన్ పనిచేస్తోందని అర్థం. మరీ అరుదుగా, సుమారు 4,500 నుంచి 5,000 మంది ఆడపిల్లల్లో ఒకరికి, అండాశయాలు మామూలుగానే ఉన్నా గర్భసంచి పుట్టుకతోనే ఏర్పడకపోవడం ఉంటుంది. అది బయటపడేది కూడా చాలావరకు 15, 16 ఏళ్లప్పుడే. మీ పాపలో ఈ లక్షణాలేవీ లేవు కాబట్టి తనని స్కాన్ గది దాకా తీసుకురావద్దు. ఏమీ లేనిచోట వెతికితే ఏదో ఒక మాట రిపోర్టులో పడుతుంది, ఆ మాట పట్టుకుని ఇంకో ఏడాది భయపడతారు.

పూర్తిగా ఎదిగి, పిల్లలు పుట్టని స్త్రీకి గర్భసంచి మామూలుగా 7 సెంటీమీటర్ల పొడవు, 5 వెడల్పు, రెండున్నర నుంచి మూడు మందం ఉంటుందని పుస్తకాల్లో ఉంటుంది. బరువు 50 నుంచి 70 గ్రాములు. ఆరున్నర ఉన్నా, ఎనిమిది ఉన్నా ఫరవాలేదు, మనుషుల ఎత్తుల్లాగే ఇదీ తేడాగా ఉంటుంది. ఆరు సెంటీమీటర్లే ఉంది, పిల్లలు పుడతారా అని నన్ను చాలామంది అడిగారు. నెలసరి సరిగ్గా వస్తూ, లోపలి ఆకారం బాగుంటే, ఒక సెంటీమీటరు తక్కువైనందువల్ల గర్భం ఆగిపోదు. అవసరం వస్తే ఎంత పెరగాలో దానికి తెలుసు. ఇంకా ప్రతి నెలా లోపలి పొర మందం మారుతూనే ఉంటుంది. నెలసరి రోజుల్లో ఒకటి నుంచి నాలుగు మిల్లీమీటర్లు, తర్వాతి నెలసరికి ముందు 7 నుంచి 16 దాకా. మీ రిపోర్టులో ఆ పొర ఎంత ఉందన్నది చూసేటప్పుడు స్కాన్ నెలసరిలో ఎన్నో రోజు చేశారన్నది కూడా చూడాలి. ఆ తేదీ లేకుండా ఆ అంకెకి విలువ లేదు.

గర్భం వచ్చినప్పుడు ఈ అవయవం చేసే పని ఇన్నేళ్లయినా నాకు ఆశ్చర్యమే. 70 గ్రాముల సంచి నెలలు నిండేసరికి దాదాపు 1,100 గ్రాములవుతుంది. మామూలుగా పది మిల్లీలీటర్లకు మించి పట్టని లోపలి ఖాళీ, బిడ్డ, మాయ, ఉమ్మనీరు అన్నీ కలిపి ఐదు లీటర్ల దాకా పట్టేస్తుంది. కొత్త కండర కణాలు పుట్టడం తక్కువే, ఉన్న కణాలే సాగి లావెక్కుతాయి. 12 వారాలకు పొత్తికడుపు ఎముక పైన చేతికి తగులుతుంది, 20 వారాలకు బొడ్డు దగ్గరికి, 36కి రొమ్ముటెముక కిందికి చేరుతుంది. డాక్టర్లు గడ్డలున్న గర్భసంచిని చేత్తో చూసి ‘12 వారాల సైజు’ అని రాస్తారే, అది ఈ కొలతే. గర్భం ఉందని కాదు, ఆ వారాల గర్భంతో ఉన్నంత పెద్దగా ఉందని. ఆ మాట చదివి ఇంట్లో గొడవలు పడ్డవాళ్లని చూశాను కాబట్టి చెబుతున్నాను.

కాన్పయ్యాక తగ్గే వేగం ఇంకా గొప్పది. బిడ్డ, మాయ బయటికొచ్చిన వెంటనే కిలో బరువున్నది వారానికి అర కిలో, రెండు వారాలకు 300 గ్రాములు, నాలుగు నుంచి ఆరు వారాల్లో 100 గ్రాములకు దిగుతుంది. బిడ్డకి పాలిస్తుంటే పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పి వస్తుంది కదా, ఆక్సిటోసిన్ అనే హార్మోన్ వల్ల గర్భసంచి ముడుచుకోవడమే అది. పాలిచ్చే నెలల్లో ఈస్ట్రోజన్ తక్కువగా ఉంటుంది కాబట్టి కొందరికి గర్భసంచి మామూలుకన్నా కూడా చిన్నదవుతుంది, నెలసరి తిరిగి మొదలయ్యాక మళ్లీ సర్దుకుంటుంది. అయితే చాలామందికి అది పాత సైజుకి పూర్తిగా రాదు. పిల్లల్ని కన్న గర్భసంచి కననిదానికన్నా ఒకటి రెండు సెంటీమీటర్లు పెద్దగా, 80 గ్రాములో అంతకు మించో బరువుతో మిగులుతుంది. ఇద్దరు ముగ్గురిని కన్నవాళ్లకి తొమ్మిది సెంటీమీటర్ల పైచిలుకు పొడవు మామూలే.

కాబట్టి మీ 9.6 దగ్గరికి వద్దాం. ‘బల్కీ’ అనేది రోగనిర్ధారణ కాదు, వర్ణన. ‘మనిషి కాస్త లావుగా ఉన్నారు’ అన్నట్టు. పిల్లలు లేని స్త్రీ సైజుని మనసులో పెట్టుకుని కొలిస్తే మీది పెద్దదే. ఇద్దరు పిల్లల తల్లి సైజుతో కొలిస్తే మామూలే. మా వాళ్లలో చాలామంది 9 దాటగానే అలవాటుగా ఆ మాట రాసేస్తారు, నేనూ ఒకప్పుడు రాసేవాణ్ని. ఇప్పుడు బల్కీ అని రాయాల్సి వస్తే, ఎందుకు బల్కీ అన్నది పక్కనే ఇంకో వాక్యంలో రాస్తాను. కారణం కనబడకపోతే కొలత రాసి ఊరుకుంటాను.

అలాగని నలభైల్లో గర్భసంచి పెరగడాన్ని ప్రతిసారీ కొట్టిపారేయలేం. ఈ వయసులో ఈస్ట్రోజన్ నెమ్మదిగా మెట్లు దిగినట్టు తగ్గుతుందని అనుకుంటారు. అలా జరగదు. ఒక నెల బాగా ఎక్కువ, ఒక నెల తక్కువ, ఎగుడుదిగుడుగా ఉంటుంది. కొన్ని నెలలు అండం విడుదలే కాదు, అప్పుడు ప్రొజెస్టెరాన్ అనే ఇంకో హార్మోన్ తయారు కాదు. ఈస్ట్రోజన్ పెంచిన పొరని ప్రొజెస్టెరాన్ అదుపు చేయకపోతే అది మందంగా పెరిగి, ఆలస్యంగా, ఎక్కువగా రాలుతుంది. ఫైబ్రాయిడ్లు అనే కండర గడ్డలు కూడా ఈస్ట్రోజన్ మీదే బతుకుతాయి. అవి ఎంత మామూలంటే, 2003లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం ప్రకారం 50 ఏళ్లు వచ్చేసరికి తెల్లజాతి స్త్రీలలో దాదాపు 70 శాతం మందికి, నల్లజాతి స్త్రీలలో 80 శాతానికి పైగా ఉన్నాయి. వాళ్లలో చాలామందికి ఏ ఇబ్బందీ లేదు. గడ్డలు లేకుండానే గర్భసంచి గుండ్రంగా, గోడలు దళసరిగా ఉబ్బితే అడెనోమయోసిస్ అనుకోవాలి. లోపలి పొర కణాలు కండర గోడలోకి చొచ్చుకుపోవడం అది. నెలసరిలో విపరీతమైన నొప్పి, ఎక్కువ రక్తస్రావం దాని గుర్తులు. మీకు ఆ రెండూ లేవు.

గర్భసంచి తీయించుకోవాలా అన్నారు. సైజు ఒక్కటే చూసి ఎవరైనా తీయించుకోమంటే ‘ఎందుకు’ అని అడగండి, జవాబులో ఒక జబ్బు పేరు వినబడాలి. ‘బల్కీగా ఉంది, పిల్లలు పుట్టేశారు, ఇంక దానితో పనేముంది, రేపు క్యాన్సర్ కావచ్చు’ అనేది జవాబు కాదు. బల్కీ గర్భసంచి క్యాన్సర్‌గా మారదు. ఆపరేషన్‌కి దాని కష్టాలు దానికున్నాయి. అండాశయాలు ఉంచినా, గర్భసంచి తీసినవాళ్లలో మెనోపాజ్, అంటే ముట్లుడిగే దశ, కొంత ముందుగా రావచ్చు. అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజు నుంచే ఈస్ట్రోజన్ పడిపోతుంది, చిన్న వయసులో అలా జరిగితే ఎముకలకీ గుండెకీ నష్టం. నిజంగా రక్తస్రావం ఎక్కువగా ఉండి హిమోగ్లోబిన్ పడిపోతుంటే కూడా ముందు ట్రానెక్సమిక్ యాసిడ్ మాత్రలు, హార్మోన్ మాత్రలు, హార్మోన్ ఉన్న లూప్ లాంటివి ఉన్నాయి. అవి పనిచేయనప్పుడు, గడ్డలు మూత్రాశయాన్నో పేగునో నొక్కుతున్నప్పుడు, క్యాన్సర్ లేదా దానికి ముందు దశ బయటపడినప్పుడు ఆపరేషన్ సరైన వైద్యమే. దానికి నేను వ్యతిరేకిని కాదు. ఒక విశేషణం చూసి కత్తి పట్టడానికే వ్యతిరేకిని.

మీరు గమనించుకోవాల్సింది సైజుని కాదు, నెలసరి తీరుని. గంట రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి రావడం, రక్తం గడ్డలు గడ్డలుగా పడటం, ఎనిమిది రోజులు దాటి సాగడం, మధ్యలో కనబడటం, కలయిక తర్వాత రక్తం రావడం: వీటిలో ఏది మొదలైనా వెళ్లండి. 45 దాటాక రక్తస్రావం తీరు మారితే లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపడం మామూలు పద్ధతి, దానికి భయపడకండి. మీరు అసలు స్కాన్‌కి వెళ్లింది కడుపు ఉబ్బరానికి. ఈ సైజు గర్భసంచి ఉబ్బరం తెప్పించదు. అండాశయాలు బాగున్నాయని అదే రిపోర్టులో ఉందో లేదో ఒకసారి చూడండి. ఉబ్బరం వారాల తరబడి పోకపోతే డాక్టరుకి అదే మాట మళ్లీ చెప్పండి. గర్భసంచి గొడవలో పడి అసలు సమస్య మర్చిపోవడం నేను చాలాసార్లు చూశాను.

ఇక అమ్మగారు. పన్నెండు నెలలు వరుసగా నెలసరి రాకపోతే దాన్ని మెనోపాజ్ అంటాం. చాలామందికి అది 45కీ 55కీ మధ్య వస్తుంది. ఈస్ట్రోజన్ ఆగాక మొదటి పదేళ్లలో గర్భసంచి వేగంగా తగ్గుతుంది, ఆ తర్వాత మెల్లగా. కండ కరిగి ఆ చోటులో పీచు కణజాలం మిగులుతుంది. మూడున్నర నుంచి ఆరున్నర సెంటీమీటర్ల మధ్య ఎక్కడున్నా మామూలే. పై సంచి తగ్గినంతగా సర్విక్స్ తగ్గదు కాబట్టి, చిన్నపిల్లల్లో చెప్పానే, ఆ సమాన నిష్పత్తి మళ్లీ వచ్చేస్తుంది. స్కాన్ తెర మీద మాత్రం పసితనమూ ముసలితనమూ ఒకేలా కనబడతాయి, రెండుచోట్లా లేనిది ఒకటే హార్మోన్ కదా. దీన్నే మేం ‘అట్రోఫిక్’ అంటాం. తలవెంట్రుకలు నెరిశాయి అని రాసినట్టే. ఇందులో వైద్యం చేయాల్సిందేమీ లేదు, మందులతో మళ్లీ పెంచాల్సిన పని అసలే లేదు. ఆవిడకి మూత్రంలో మంటకి గర్భసంచి సైజుకీ సంబంధం లేదు. అయితే ఈస్ట్రోజన్ తగ్గాక యోని, మూత్రనాళం పొరలు పలచబడి మంటలు, ఇన్ఫెక్షన్లు తరచూ వస్తాయి. దానికి లోపల రాసుకునే క్రీములున్నాయి, ఆ సంగతి గైనకాలజిస్టుని అడగండి.

కొందరిలో తగ్గాల్సినంత తగ్గదు. బరువు ఎక్కువ ఉన్నవాళ్లలో కొవ్వే కొంత ఈస్ట్రోజన్ తయారు చేస్తుంది, గర్భసంచి దాన్ని కూడా తీసుకుంటుంది. గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ వాళ్లలో ఎక్కువ కావడానికి ఒక కారణం అదే. హార్మోన్ మాత్రలు వాడేవాళ్లలోనూ సైజు నిలుస్తుంది. రొమ్ము క్యాన్సర్‌కి వాడే టామాక్సిఫెన్ రొమ్ము దగ్గర ఈస్ట్రోజన్‌ని అడ్డుకుంటుంది, గర్భసంచి దగ్గర మాత్రం ఈస్ట్రోజన్‌లాగే ప్రవర్తిస్తుంది, లోపలి పొరని దళసరి చేస్తుంది. పాత ఫైబ్రాయిడ్లు చాలావరకు కుంచించుకుపోయి సున్నం పట్టి గట్టిపడతాయి. గోడ అంచుల్లో రక్తనాళాలకు సున్నం పట్టి తెల్లని చుక్కల్లా కనబడటం కూడా ఈ వయసులో మామూలే, అమ్మగారి రిపోర్టులో ‘కాల్సిఫికేషన్’ అన్న మాట ఉంటే దానికి భయపడకండి.

హార్మోన్ గురించి ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో ఒక ఉదాహరణ చెబుతాను. స్వీడన్‌లో మాట్స్ బ్రాన్‌స్ట్రమ్ బృందం పుట్టుకతో గర్భసంచి లేని ఒకామెకి 2013లో మరొకరి గర్భసంచి అమర్చింది. 2014 సెప్టెంబరులో ఆమెకి బాబు పుట్టాడు. మార్పిడి చేసిన గర్భసంచిలో పెరిగి ప్రపంచంలో ప్రాణాలతో పుట్టిన మొదటి బిడ్డ అతనే. ఆ గర్భసంచి ఇచ్చినావిడ వయసు 61, ఇద్దరు పిల్లల తల్లి, ముట్లుడిగిన మనిషి. అమ్మగారి వయసుకి దగ్గరి గర్భసంచి 35 ఏళ్ల మనిషి ఒంట్లోకి చేరి, హార్మోన్లు అందగానే నెలసరి ఇచ్చింది, బిడ్డని మోసింది. ‘ఎండిపోయింది’ అని మనం అనుకునేది నిజానికి ఎండిపోవడం కాదు, ఎవరూ పిలవకపోతే ముడుచుకుని పడుకోవడం.

అందుకే ముట్లుడిగాక నన్ను కలవరపెట్టేది చిన్న గర్భసంచి కాదు, పెరిగే గర్భసంచి. ఈస్ట్రోజన్ లేని చోట, హార్మోన్ మందులేవీ వాడకుండా, గర్భసంచిగానీ గడ్డగానీ పెరుగుతోందంటే కారణం వెతకాలి. అంతకన్నా ముఖ్యం రక్తం. మెనోపాజ్ తర్వాత ఒక్క చుక్క కనబడినా, గులాబీ రంగు మరక అయినా, ఒక్కసారే వచ్చి ఆగిపోయినా చూపించుకోవాలి. అలా వచ్చినవాళ్లలో పది మందికి తొమ్మిది మందిలో పొర పలచబడటం, పాలిప్ (లోపలి పొర మీద వచ్చే చిన్న పిలక) లాంటి చిన్న కారణాలే ఉంటాయి. మిగిలిన ఒక్కరిలో క్యాన్సర్ ఉంటుంది, తొందరగా పట్టుకుంటే అది చాలావరకు నయమవుతుంది. రక్తం కనబడి స్కాన్ చేసినప్పుడు లోపలి పొర 4 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా తక్కువ ఉంటే క్యాన్సర్ ఉండే అవకాశం చాలా చాలా తక్కువ. అంతకు మించి ఉంటేనో, రక్తం మళ్లీ కనబడితేనో బయాప్సీ చేస్తారు. ఈ 4 మిల్లీమీటర్ల గీత రక్తస్రావం ఉన్నవాళ్లకి. ఏ లక్షణమూ లేకుండా వేరే పని మీద చేసిన స్కాన్‌లో 5, 6 కనబడగానే అందరికీ బయాప్సీ అక్కర్లేదు, మిగతా వివరాలు చూసి డాక్టరు నిర్ణయిస్తారు.

గర్భసంచి పెద్దదైతే జారుతుందా అని ఇంకొకరు అడిగారు. జారడం బరువు వల్ల కాదు, కింద ఆసరాగా ఉండే కండరాలు, బంధనాలు సడలడం వల్ల. అమ్మగారంత చిన్న గర్భసంచి కూడా జారొచ్చు.

మీరు ఇప్పుడు చేయాల్సింది కొద్దిగానే ఉంది. మీ రిపోర్టులో లోపలి పొర మందం, అండాశయాల వివరం ఉన్నాయో లేదో చూసుకోండి. స్కాన్ చేసిన రోజుకి చివరి నెలసరి ఎప్పుడు మొదలైందో ఆ కాగితం మీదే పెన్నుతో రాసి పెట్టండి. అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకుని, ముట్లుడిగాక ఎప్పుడైనా మరక కనబడిందా అని నెమ్మదిగా అడగండి. ఈ వయసువాళ్లు అడగందే చెప్పరు. లేదని చెబితే రెండు రిపోర్టులూ ఫైల్లో పెట్టేయండి. ఉంది అంటే, ఆవిడ పేరు మీద ఈ వారమే గైనకాలజిస్టు అపాయింట్‌మెంట్ తీసుకోండి.